వెనకాల ఉన్న ఎనిమిదో ముక్క

మా లెక్కల మాస్టారు పోయారని నాకు బాపట్లలో, ఉదయం ఓపీ మొదలైన కాసేపటికి తెలిసింది. మా బడి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన రిటైరైన రోజు ఫొటో పెట్టి, కింద "మన మాస్టారు ఇక లేరు" అని రాశారు. ఆ వెంటనే చేతులు జోడించిన బొమ్మలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, నాలుగు, చూస్తుండగానే తెరంతా అవే. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఎదురుగా కూర్చున్న పెద్దాయనకి బీపీ చూశాను. చేతికి పట్టీ సరిగ్గా చుట్టడం రెండోసారికి గానీ కుదరలేదు. "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని ఆయనే నన్ను అడిగాడు.

ఇరవై ఏళ్ళుగా నేను ఇక్కడ ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుని. చావు కబుర్లు చెప్పడమే గానీ వినడం అలవాటు లేదు. ఆ పూట నా బల్ల మీద ఓపీ చీటీల కట్ట ఉంది. చీటీలు ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద నల్లమట్టి ముక్క ఒకటి ఉంది. అన్ని పక్కలా సమానంగా కోసిన ముక్క, పాచిక కన్నా కాస్త పెద్దది. మూడు నెలల కిందట మాస్టారు తన చేత్తో అక్కడ పెట్టి వెళ్ళింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. అప్పటికింకా నాకు అసలు సంగతి తెలియదు. తెలిసింది ఆ సాయంత్రం తెనాలిలో.

ఆ ముక్క కథ చెప్పాలంటే ముందు రేపల్లె వెళ్ళాలి. ఊరు దాటాక మురుగు కాలువ గట్టు మీద మా బడి. మాస్టారు తెనాలి నుంచి పొద్దున్నే పాసింజరులో రేపల్లెలో దిగి, స్టేషన్లో పెట్టిన సైకిలెక్కి వచ్చేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక తెనాలి నిమ్మకాయ ఉండేది. రైలు వాసన పడదని దారంతా దాన్ని వాసన చూస్తూ వచ్చేవారు, సాయంత్రం భోజనం డబ్బా కడిగేది కూడా దాంతోనే. కొత్త సుద్దముక్కని విరవకుండా రాసేవారు కాదు. "పూర్తి సుద్ద కీచుమంటుందమ్మా, సగం సుద్ద బుద్ధిగా రాస్తుంది" అనేవారు. గోళ్ళలో ఎప్పుడూ నల్లమట్టి. లెక్కల మాస్టారా, కుమ్మరి మాస్టారా అని మేం వెనక నవ్వుకునేవాళ్ళం.

ఆ మట్టికి కారణం ఉంది. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాల పాఠం మొదలుపెట్టిన రోజు ఆయన బోర్డు మీద రెండు వేసి, దాని భుజం మీద చిన్నగా మూడు రాశారు. ఎంతో చెప్పమన్నారు. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా నేనే అరిచాను, "ఆరు మాస్టారూ" అని. రెండు మూళ్ళు ఆరు, ఇందులో ఆలోచించేది ఏముందని నా ధీమా.

ఆయన తప్పు అనలేదు. ఉద్యోగం చేసినంతకాలం ఏ పిల్లతోనూ తప్పు అని ఉండరు. బల్ల కింది బిస్కెట్ డబ్బా తీసి, అందులోంచి ఒక మట్టి ముక్క నా బెంచీ మీద పెట్టారు. "దగ్గరుంచుకో" అని ముందుకి వెళ్ళిపోయారు.

అదీ ఆయన పద్ధతి. జవాబు తప్పితే బెత్తం లేదు, గోడకుర్చీ లేదు. మట్టి ముక్క పడుతుంది. అసలు జవాబు ఎవరికి వాళ్ళకి దొరికేదాకా దాన్ని సంచిలో మోయాలి. ఇంటికి తీసుకెళ్ళాలి, అన్నం తినేటప్పుడు పక్కన పెట్టుకోవాలి. దొరికాక ఆయన దగ్గరికి వెళ్ళి చెబితే, ఆయన మాట్లాడకుండా అరచెయ్యి చాపుతారు. ఆ చేతిలో ముక్క పెట్టేస్తే లెక్క తీరినట్టు. "ఇవాళ ఎవరికి మట్టి పడిందే?" అని ఇంటర్వెల్లో ఒకరినొకరం అడిగేవాళ్ళం. బెత్తం దెబ్బ బెల్లు కొట్టేలోగా మరిచిపోతాం. ఇది అలా కాదు. ముక్క సంచిలో ఉన్నంతసేపూ మనసులో ఏదో మూల తప్పు చేశానన్న సంగతి మెదులుతూనే ఉంటుంది. ఏం తప్పో మాత్రం తెలియదు.

ఆ సాయంత్రం కాలువ గట్టున కూర్చుని, మట్టి ముద్ద చేసి, ఆయన చేసినట్టే బొటనవేళ్ళకి దారం చుట్టి ముక్కలు కోశాను. అటు రెండు, ఇటు రెండు, ఎత్తు రెండు పేర్చాలి. ఆరు ముక్కలు పేర్చేసరికి పైన రెండు మూలలు ఖాళీగా మిగిలాయి. ఆ రెండు మూలల వంక ఎంతసేపు చూశానో, చెల్లి వచ్చి "అమ్మ పిలుస్తోంది" అనేదాకా తెలియలేదు.

మర్నాడు పొద్దున వాన మబ్బు. ఎనిమిది అని చెప్పాను. అరచెయ్యి చాపారు, ముక్క పెట్టాను. ఆయన డబ్బాలోంచి ఎనిమిది ముక్కలు తీసి, తడిమట్టితో ఒకదానికొకటి అతికించి, దిమ్మని బల్ల మీద మూల మా వైపు వచ్చేటట్టు పెట్టారు. నన్ను బల్లకి కాస్త దూరంగా నిలబెట్టి, కదలకుండా లెక్కపెట్టమన్నారు.

"ఏడు మాస్టారూ."

"ఏడేనా?"

మళ్ళీ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే. ఈలోగా మబ్బు బాగా కమ్మి గదిలో చీకటి పడింది. కరెంటు లేదు.

"వెనకాల ఒకటుంది" అన్నారు ఆయన, చాలా మామూలుగా.

నా పక్క పిల్ల ఉలిక్కిపడి నిజంగానే వెనక్కి తిరిగి చూసింది. క్లాసంతా నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. అడుగున, అవతలి మూల, ఏడింటి చాటున ఒక ముక్క ఉంది. అది లేకపోతే దిమ్మ దిమ్మ కాదు. కానీ నేనున్న చోటి నుంచి అది నాకు ఎప్పటికీ కనిపించదు.

ఆ వారమంతా అదే ఆట. పక్కకి మూడేసి చొప్పున పేరిస్తే ఇరవై ఏడు, అందులో ఎనిమిది కనిపించవు. నాలుగేసి పేరిస్తే అరవై నాలుగు, అందులో ఇరవై ఏడు కనిపించవు. "చూశారా, వరస పెరిగినప్పుడల్లా పాతదంతా లోపలికి పోయి దాక్కుంటుంది" అన్నారు. ఐదేసి పేర్చడానికి రెండు సెక్షన్ల పిల్లలం కలిసి మట్టి కొయ్యాల్సి వచ్చింది. నూట ఇరవై ఐదు ముక్కలు. కనిపించేవి అరవై ఒకటి, కనిపించనివి అరవై నాలుగు. మాస్టారు చేతులు దులుపుకుని ఆ నల్లటి దిమ్మ వంక చూస్తూ, "ఇక్కడితో లోపలున్నది బయటున్నదాన్ని దాటిపోయింది. ఇక పట్టుకోలేం" అన్నారు.

పిల్లలకి పాఠం చెబుతూ ఎవరైనా అలా అంటారా? ఆయన అనేవారు. లెక్క అంటే ఆయనకి ఇష్టంతో పాటు ఒక రకం భయం కూడా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది. "భుజం మీద కూర్చున్న చిన్న అంకె అని చులకన చెయ్యొద్దమ్మా. కిందున్న పెద్దదాన్ని ఆడించేది అదే" అన్న మాట ఆయన ఎన్నిసార్లు చెప్పారో. అప్పట్లో అది పరీక్షలో ఉపయోగపడే మాట అనుకున్నాను. పదో తరగతిలో నాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. నర్సింగులో చేరాను. మందు మోతాదులు, సెలైన్ చుక్కలు, ఏ లెక్కా తప్పేదాన్ని కాదు. మా డాక్టరుగారు కూడా "సిస్టర్ చెప్పిందంటే మళ్ళీ చూడక్కర్లేదు" అనేవారు. ఆ మాట విని నేను పొంగిపోయేదాన్ని.

మాస్టారు రిటైరయ్యాక తెనాలిలోనే ఉండిపోయారు. ఏడాదికోసారి చూసొచ్చేదాన్ని. పోయిన ఏడు కర్లపాలెంలో ఎవరిదో పెళ్ళికి వచ్చి, తిరిగి వెళ్తూ మా ఆసుపత్రికి వచ్చారు. చెవి కింద, మెడ దగ్గర చిన్న గడ్డ. నొప్పి లేదు.

"చూడమ్మా, ఏంటో ఇది. గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది."

టేపు పెట్టి కొలిచాను. ఒక సెంటీమీటరు. శనగగింజంత. "ఏం కాదు మాస్టారూ, కొవ్వు గడ్డ అయ్యుంటుంది. పెరిగితే చూద్దాం" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపి, ఆ కొలత జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళారు.

నెలన్నర తర్వాత మళ్ళీ వచ్చారు. ఈసారి పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. పనిగట్టుకుని తెనాలిలో రైలెక్కి, చేతిసంచితో వచ్చారు. ఆరోజు ఓపీ కిటకిటలాడుతోంది, బయట ఒక చంటిబిడ్డ ఏడుపు ఆపడం లేదు. గబగబా టేపు పెట్టాను. రెండు సెంటీమీటర్లు.

"ఒకటి ఉండేది, రెండయింది మాస్టారూ."

"అంటే ఎన్ని రెట్లయిందంటావమ్మా?"

"రెట్టింపు. అంతేగా?" అన్నాను, టేపు చుట్టేస్తూ.

ఆయన నా ముఖంలోకి చూశారు. "డాక్టరుగారు ఈ వారం ఊళ్ళో లేరండి. వేడి కాపడం పెట్టండి, వచ్చే నెల వచ్చారంటే నేనే దగ్గరుండి చూపిస్తాను" అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన చేతిసంచిలోంచి ఒక మట్టి ముక్క తీసి నా చీటీల కట్ట మీద పెట్టారు.

"దగ్గరుంచుకో" అన్నారు.

చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, రిటైరై ఇన్నేళ్ళయినా ఈయనకి ఆ మట్టి పిచ్చి పోలేదని నవ్వుకున్నాను. గుర్తుగా ఇచ్చారనుకున్నాను. పక్క సిస్టర్‌కి కూడా గొప్పగా చూపించాను, "మా మాస్టారు ఎంత ప్రేమగా తెచ్చారో చూడు" అని. ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. నేను అప్పటికే తరువాతి పేరు పిలిచేశాను.

వచ్చే నెల ఆయన రాలేదు. నేనూ ఫోను చెయ్యలేదు. ఆ ముక్క రోజూ నా కళ్ళ ముందే ఉంది. చీటీలు తియ్యడానికి దాన్ని రోజూ చేత్తో ఎత్తి పక్కన పెడుతూనే ఉన్నాను.

ఆ పైనెలలో అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఫోను చేశారు. గుంటూరులో ఒక పెద్దాసుపత్రిలో చేర్చామన్నారు. వెళ్ళాను. మెడ ఒక పక్కంతా నిండిపోయి ఉంది. మాట రావడం లేదు. మంచం పట్టీకి కట్టిన కాగితంలో కొలతలున్నాయి. చదవడం నాకు వచ్చు కాబట్టి చదివాను, గడ్డ అడ్డం ఐదు సెంటీమీటర్లు. ఆయన నన్ను చూసి చిన్నగా నవ్వి, చెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళు చూపించారు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. బొడ్డూడని పిల్లకి కూడా తెలుస్తుంది, గడ్డ అంటే గీత కాదని. అది పక్కకి పెరుగుతుంది, ముందుకి పెరుగుతుంది, లోపలికి పెరుగుతుంది. అడ్డం ఒకటి రెండయిందంటే గడ్డ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లయినట్టు. నేను టేపు పెట్టింది తోలు మీద. ఎనిమిదో తరగతిలో ఆరు అని అరిచిన పిల్ల, నెత్తి నెరుస్తున్న వయసులో రెండు అని చెప్పి పంపించింది. రెండూ ఒకటే తప్పు.

"నూట ఇరవై ఐదు మాస్టారూ" అన్నాను.

ఆయన తలూపారు. తరువాత దుప్పటి మీద నుంచి చెయ్యి నా వైపు చాపి, అరచెయ్యి తెరిచి పట్టుకున్నారు. నేను ఆ చేతిలో నా చెయ్యి పెట్టి ఏడ్చాను. ఆయన కాసేపు మా రెండు చేతుల వంకా చూసి, మెల్లగా వేళ్ళు మూశారు. గోళ్ళలో మట్టి లేదు. ఆయన గోళ్ళు అంత తెల్లగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అదే మేం ఆఖరుసారి కలవడం.

కబురు తెలిసిన రోజు సెలవు పెట్టి మధ్యాహ్నం రైలుకి తెనాలి వెళ్ళాను. దారంతా ఆకాశం మూసుకుపోయి ఉంది, వాన మాత్రం పడలేదు. వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. ఎవరో బంధువు, నాకు వినపడాలనో ఏమో, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారండి. ముందే చూపించుకోవద్దూ?" అంటున్నాడు. నేను తల వంచుకుని లోపలికి వెళ్ళాను.

అన్నీ అయిపోయి మనుషులు పలచబడ్డాక అమ్మగారి పక్కన కూర్చుని జరిగింది చెప్పేశాను. కొలిచింది, రెట్టింపే అన్నది, కాపడం పెట్టమన్నది. దాచాలనిపించలేదు.

"తెలుసమ్మా" అన్నారు ఆవిడ. "ఆరోజు ఇంటికొచ్చి చెప్పారు. అమ్మాయి ఆరు అంది అన్నారు. ఏంటండీ ఆరు అంటే నవ్వి ఊరుకున్నారు."

"ఆయనకి తెలుసు కదండీ. మరి నోరు తెరిచి నాకు చెప్పొచ్చు కదా? ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు కదా? ప్రాణం మీదకొస్తే కూడా పాఠమేనా?" కోపం ఎవరి మీదో తెలియక కసిరినట్టే అడిగాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "నేనూ పోట్లాడానమ్మా. నువ్వు మామూలు గడ్డే అన్నావుగా, నెలరోజులు కంటినిండా నిద్రపోయారు. ఆయన లెక్క ఆయనకి తెలుసు. నీ లెక్క నిజమైతే బాగుండునని ఉండేది. మళ్ళీ సాయంత్రమయ్యేసరికి అడిగేవారు, అమ్మాయి ఏమన్నా ఫోను చేసిందా, వస్తానందా అని."

జీవితమంతా సరైన జవాబు కోసం కూర్చున్న మనిషికి ఒక్కసారి తప్పు జవాబు కావాల్సి వచ్చింది. అది నేనే ఇచ్చాను, నా మీద నమ్మకం కొద్దీ పుచ్చుకున్నారు. ముందే పంపించి ఉంటే బతికేవారా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న నా దగ్గరే ఉంటుంది.

లేచి ముఖం కడుక్కుందామని ఆయన గదిలోంచి వెళ్తుంటే కిటికీ పలక మీద దిమ్మ కనిపించింది. రెండేసి చొప్పున పేర్చిన నల్లమట్టి ముక్కలు, తడిమట్టితో అతికించి, మూల గుమ్మం వైపు వచ్చేటట్టు పెట్టి ఉన్నాయి. అలవాటు కొద్దీ నిలబడి లెక్కపెట్టాను. ఏడు. దగ్గరికి వెళ్ళి, దిమ్మ వెనక్కి చెయ్యి పోనిచ్చి, అడుగు మూల తడిమాను.

వేలు లోపలికి పోయింది. అక్కడ ముక్క లేదు.

గుంటూరులో ఆయన అరచెయ్యి ఎందుకు చాపారో అప్పుడు అర్థమైంది. సరైన జవాబు చెప్పాను కదా, ముక్క తిరిగి ఇవ్వమన్నారు. నేను ఉత్త చెయ్యి పెట్టాను. దాన్నే ఆయన పుచ్చుకున్నారు.

మా బడిలో చదువుకున్నవాళ్ళు ఇది చదివితే, మీ దగ్గర కూడా ఆయన ముక్కలు ఏమైనా ఉండిపోయాయేమో సంచులు వెతుక్కోండి. ఇప్పుడు నా దగ్గరికి ఎవరు వచ్చి "చిన్న గడ్డేనమ్మా" అన్నా నేను టేపు తియ్యను. చెయ్యి పట్టుకుని డాక్టరుగారి గదిలోకి తీసుకెళ్తాను. ఆయన లేకపోతే, వేరే డాక్టరున్న ఊరికి చీటీ రాసి ఆ పూటే రైలెక్కిస్తాను. అందరూ నన్ను భయస్తురాలంటున్నారు. అననీ. నాకిది మాస్టారు చెప్పిన పాఠమే, ఆలస్యంగా వచ్చింది.

పదకొండో రోజున ముక్కని రుమాల్లో చుట్టుకుని తెనాలి వెళ్ళాను. అమ్మగారు చూసి ఏమీ అడగకుండా కిటికీ దగ్గరి కుర్చీ పక్కకి జరిపారు. చిటికెడు మట్టి తడిపి అంచులకి రాసి, దిమ్మ వెనక్కి చెయ్యి పెట్టి, చూడకుండానే ముక్కని ఖాళీలోకి తోశాను. సరిగ్గా పట్టింది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను. ముందు నుంచి ఏమీ మారలేదు. ఏడే కనిపిస్తున్నాయి.